ఏడో తరగతి పాపని ఫ్రెంచ్ క్యాంప్‌కి ఫ్రాన్స్ పంపొచ్చా?

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక నాన్నగారు అడిగిన ప్రశ్న ఇది. క్లుప్తంగా చెప్తాను. పాపకి పన్నెండేళ్ళు, ఏడో తరగతి అయిపోతోంది, సీబీఎస్‌ఈ స్కూల్లో రెండేళ్ళుగా ఫ్రెంచ్ చదువుతోంది, మార్కులు తొంభైకి తగ్గవు. ఒక కన్సల్టెన్సీ వాళ్ళు ఫ్రాన్స్‌లో మూడు వారాల ఇమ్మర్షన్ క్యాంప్ (రోజంతా ఆ భాష మధ్యే గడిపే క్యాంప్) ఉంది, విమానం టికెట్‌తో సహా 4,75,000 రూపాయలు, తిరిగొచ్చేసరికి గలగలా మాట్లాడేస్తుంది అంటున్నారు. పంపొచ్చా, ఒక్కతే ఉండగలదా, భద్రత ఎలా, తిండి ఎలా, రేపు కెనడాకి ఏమైనా పనికొస్తుందా అని ఆయన సందేహం.

సూటిగా చెప్తానండి. ఈ ఏడు పంపకండి. ఈ ఏడాది అంతా పాప చేత ఫ్రెంచ్ మాట్లాడించండి, వచ్చే జూలైలో పంపండి. మూడు వారాలు అక్కర్లేదు, రెండు వారాలు చాలు. ఆ కన్సల్టెన్సీ ద్వారా కాకుండా క్యాంప్ వాళ్ళకి మీరే రాసుకోండి.

నేను విజయవాడ మొగల్రాజపురంలో పదిహేడేళ్ళుగా పిల్లలకి ఫ్రెంచ్ చెప్తున్నాను. పుట్టిల్లు యానాం. 1954 దాకా ఫ్రెంచి వాళ్ళ ఏలుబడిలో ఉన్న ఊరు కాబట్టి మా తాతగారి నోట్లో నాలుగు ఫ్రెంచి ముక్కలు ఎప్పుడూ ఆడుతుండేవి, నాకు పిచ్చి అక్కడ పట్టింది. నా దగ్గర చదివిన పిల్లల్లో ఇరవైమందికి పైగా ఇలాంటి క్యాంప్‌లకి వెళ్ళొచ్చారు. మూడుసార్లు నేనే పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళాను. బాగుపడ్డ వాళ్ళనీ చూశాను, డబ్బు తగలేసుకున్న వాళ్ళనీ చూశాను. రెండో రకం ఎక్కువ.

ఎందుకు వద్దంటున్నానంటే, క్యాంప్ అనేది కవ్వం లాంటిది. పెరుగు ఉంటే వెన్న తీసి చేతిలో పెడుతుంది. నీళ్ళ కుండలో వేసి తిప్పితే చేతులు నొప్పెట్టడం తప్ప ఏమీ రాదు. లోపల కొంత ఫ్రెంచ్ ఉన్న పిల్లకి రెండు వారాల్లో నోరు తెరుచుకుంటుంది, అది నేను కళ్ళారా చూశాను. లోపల లేని పిల్లకి క్యాంప్ ఏమీ పొయ్యదు. అక్కడ రోజుకి మూడు నాలుగు గంటల క్లాసు ఉంటుంది, మిగతాదంతా ఈత, సైకిళ్ళు, ఆటలు, రాత్రిపూట పాటలు, నాటకాలు. ఆ మిగతా టైంలోనే భాష వస్తుంది, కానీ అప్పుడు చుట్టూ అంటున్నదాంట్లో సగమైనా చెవికి ఎక్కాలి కదా.

మార్కులు తొంభై పైనే అన్నారు. మీ పాపని తక్కువ చెయ్యడం లేదు గానీ మన స్కూల్ ఫ్రెంచ్ మార్కులకీ మాట్లాడటానికీ సంబంధం లేదండి. క్రియల పట్టికలు వప్పజెప్పడం, ఖాళీలు పూరించడం, పాఠం చివర ప్రశ్నలకి జవాబులు చూసి రాయడం. ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకుని ఒక్క వాక్యం మాట్లాడలేని మనలాంటి వాళ్ళకి ఇది వివరించక్కర్లేదనుకుంటా. మీరే ఇంట్లో ఒక పరీక్ష పెట్టండి. పుస్తకం మూసేసి, "నిన్న పొద్దున్న లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునే దాకా ఏం చేశావో రెండు నిమిషాలు ఫ్రెంచ్‌లో చెప్పమ్మా" అనండి. ఫోన్‌లో రికార్డ్ చెయ్యండి. మీకు ఫ్రెంచ్ రాకపోయినా ఫర్వాలేదు, ఆగకుండా చెప్తోందా, పది సెకన్లకోసారి పైకప్పు చూస్తోందా అన్నది మీకే తెలుస్తుంది. తప్పులున్నా రెండు నిమిషాలు లాగగలిగితే నా సలహా మార్చుకుంటాను, ఈ జూలైకే పంపండి.

లెవెల్ పరంగా చెప్పాలంటే వెళ్ళేనాటికి ఏ2 దగ్గరికి వచ్చి ఉండాలి. యూరప్ కొలమానంలో ఏ1, ఏ2, బీ1, బీ2, సీ1, సీ2 అని ఆరు మెట్లు. స్కూల్లో రెండేళ్ళు చదివిన పిల్లలు కాగితం మీద ఏ1 దాటినట్టు ఉంటారు గానీ నోటి విషయంలో ఇంకా మొదటి మెట్టు మీదే ఉంటారు. డెల్ఫ్ పరీక్ష గురించి వినే ఉంటారు, ఫ్రాన్స్ విద్యాశాఖ ఇచ్చే డిప్లొమా, ఒకసారి పాసైతే జీవితాంతం చెల్లుతుంది. చిన్న పిల్లలకి డెల్ఫ్ ప్రిమ్, మీ పాప వయసు నుంచి పై పిల్లలకి డెల్ఫ్ జూనియర్. వినడం, చదవడం, రాయడం, మాట్లాడటం నాలుగింటికీ తలా 25 మార్కులు, మొత్తం 100కి 50 వస్తే పాస్, ఏ ఒక్కదాంట్లోనూ 5కి తగ్గకూడదు. మనకి దగ్గర సెంటర్ హైదరాబాద్‌లో ఫ్రెంచ్ నేర్పే సంస్థ అలియాన్స్ ఫ్రాంసేజ్. పరీక్ష రాసి తీరాలని కాదు, కానీ ఏ2 పాసైన పిల్ల క్యాంప్‌లో ఎలా ఉంటుందో, పాస్ కాని పిల్ల ఎలా ఉంటుందో తేడా మొదటి రోజు భోజనాల దగ్గరే తెలిసిపోతుంది.

ఇక్కడ రెండు సంగతులు చెప్తాను.

గుంటూరు అబ్బాయి ఒకడు, పదమూడేళ్ళు, తెలివైనవాడు, నా దగ్గర ఆరు నెలలే చదివాడు. వద్దన్నా వినకుండా వాళ్ళ నాన్నగారు ఒక ఏజెంటు ద్వారా మూడు వారాలకి పంపారు. ఆ క్యాంప్ పేరు ఇక్కడ చెప్పను. వాడి గదిలో ఒక ఇటలీ అబ్బాయి, ఒక టర్కీ అబ్బాయి, ఒక చైనా అబ్బాయి. నలుగురికీ కలిసిన భాష ఏంటి? ఇంగ్లీషే. పొద్దున్న క్లాసులో మూడు గంటలు ఫ్రెంచ్ విన్నాడు, మిగతా రోజంతా ఇంగ్లీషులో బతికాడు. తిరిగొచ్చాక వాళ్ళమ్మగారు నాకు ఫోన్ చేసి, "మేడం, వీడి ఇంగ్లీష్ మాత్రం బ్రహ్మాండంగా అయ్యిందండీ" అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇంగ్లీష్ కోసమైతే ఫ్రాన్స్ దాకా ఎందుకండీ.

ఇంకో అమ్మాయి పటమటలో ఉంటుంది, పద్నాలుగేళ్ళు, ఏ2 పాసై వెళ్ళింది. అది ఫ్రెంచ్ పిల్లలే ఎక్కువగా ఉన్న క్యాంప్, కొండల్లో. ఆసారి నేనూ దగ్గర్లోనే ఉన్నాను, చిన్న పిల్లల గ్రూప్‌తో. మొదటి నాలుగు రోజులు రోజూ రాత్రి ఏడుపే. ఎవరేమన్నా చిన్నగా నవ్వి ఊరుకునేది. అక్కడ పిల్లలు వంతులవారీగా భోజనాల బల్ల సర్దాలి, తిన్నాక తుడవాలి. అయిదో రోజు మధ్యాహ్నం వేరే అమ్మాయి వంతు అయితే ఆ పిల్ల చక్కగా గుడ్డ తెచ్చి మనమ్మాయి చేతిలో పెట్టి పోబోయింది. ఈ పిల్ల ఒక్క క్షణం ఆ తడిగుడ్డ వంక చూసి, దాన్ని బల్ల మీద టప్పున కొట్టి, "సె పా మోఁ తూర్!" అని అరిచింది. నా వంతు కాదు అని. హాలంతా ఒక్కసారి ఇటు తిరిగింది. ఆ తర్వాత ఇద్దరూ కలిసే తుడిచారు, క్యాంప్ అయ్యేదాకా ఇద్దరూ జంట వదల్లేదు.

ఆ వాక్యంలో గమ్మత్తు ఉంది. నేను నేర్పింది అలా కాదు. పుస్తకం ప్రకారం మధ్యలో "నె" చేరి "స నె పా" అని రావాలి, ఆ "నె" లేకుండా కాదనడం తప్పు కింద లెక్క, పరీక్షలో మార్కు పోతుంది. కానీ ఫ్రెంచ్ వాళ్ళు మాట్లాడేటప్పుడు ఆ "నె"ని మింగేస్తారు. మనం "తెలియదు" అని రాసి "తెలీదు" అంటామే, అలా. "నాకు తెలియదు" అనడానికి పుస్తకంలో "జ నె సే పా", పిల్లల నోట్లో అది "షే పా". ఇది నేను వందసార్లు బోర్డు మీద రాసినా ఎక్కదు. ఈ అమ్మాయికి అయిదు రోజుల్లో చెవిలోంచి నోట్లోకి వచ్చేసింది, తను ఆ "నె" వదిలేశానని కూడా తనకి తెలియదు. ఇమ్మర్షన్ అంటే ఇదండీ, ఇంతే. లోపల ముందే "నె", "పా" రెండూ ఉన్నాయి కాబట్టి ఒకటి వదిలెయ్యడం వచ్చింది.

అంచేత క్యాంప్ ఎంచుకునేటప్పుడు ఫొటోల్లో కోటలు, కొండలు చూడకండి. గదిలో పక్క మంచం మీద ఎవరుంటారు అని అడగండి. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న అదే. రెండు రకాల క్యాంప్‌లు ఉంటాయి. ఒకటి భాషా కేంద్రాలు వేసవిలో విదేశీ పిల్లల కోసం నడిపేవి. విషీ ఊళ్ళో 1964 నుంచి ఉన్న కావిలామ్, దక్షిణాన సముద్రం ఒడ్డున అంతీబ్‌లో ఉన్న సెంటర్ లాంటివి. వీటిలో టీచర్లు బాగుంటారు, క్లాసు పక్కాగా ఉంటుంది, కానీ మీ పాప తోటివాళ్ళందరూ మీ పాపలాగే నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు. రెండోది ఫ్రెంచ్ పిల్లలు వెళ్ళే మామూలు వేసవి క్యాంప్‌లు, "కోలోనీ ద వకాఁస్" అంటారు, పిల్లల భాషలో కోలో. వాటిలో కొన్ని విదేశీ పిల్లల్ని చేర్చుకుని పొద్దున్న విడిగా ఫ్రెంచ్ క్లాస్ చెప్తాయి, తర్వాత అందరితో కలిపి వదులుతాయి. మొదటిసారి వెళ్ళే పిల్ల, ఏ2 అంతంతమాత్రం అయితే మొదటి రకం. ఏ2 గట్టిగా ఉండి కాస్త మొండి పిల్ల అయితే కళ్ళు మూసుకుని రెండో రకం. మొదటి రకంలోనూ ఒకే దేశం పిల్లల్ని ఒక గదిలో పెట్టకూడదు అని రూల్ ఉన్నచోటు చూడండి. ఇండియా నుంచి గ్రూపుగా పదిహేనుమందిని తీసుకెళ్ళే ప్యాకేజీల్లో జరిగేది ఏంటంటే, పిల్లలు మూడు వారాలు తెలుగు, హిందీ, ఇంగ్లీష్ కలిపి మాట్లాడుకుని, ఐఫిల్ టవర్ కింద ఫొటో దిగి వస్తారు. మీ కన్సల్టెన్సీది అలాంటిదేనని నా అనుమానం. అడిగి చూడండి.

భద్రత గురించి అడిగారు. ఇక్కడ ఫ్రాన్స్ చట్టం గట్టిది, మన సమ్మర్ క్యాంప్‌ల్లా కాదు. పిల్లల్ని రాత్రిళ్ళు ఉంచుకునే క్యాంప్‌ని ముందుగా ప్రభుత్వానికి డిక్లేర్ చెయ్యాలి, దానికొక నంబర్ వస్తుంది. ఆరేళ్ళు దాటిన పిల్లలైతే పన్నెండుమందికి ఒక పర్యవేక్షకుడు ఉండాలి, అనిమాతర్ అంటారు. వాళ్ళలో కనీసం సగంమందికి బాఫా అనే శిక్షణ డిప్లొమా లాంటివి ఉండాలి. ఆ డిక్లరేషన్ నంబర్ పంపమని ఈమెయిల్ చెయ్యండి. మంచి క్యాంప్ అయితే అదే రోజు పంపుతుంది. నసిగితే వదిలెయ్యండి. ఆరోగ్య ఫారం ఒకటి నింపమంటారు, ధనుర్వాతం, డిఫ్తీరియా, పోలియో టీకాలు వేయించినట్టు రుజువు తప్పనిసరి. చిన్నప్పటి టీకాల కార్డు వెతికి ఉంచండి, చాలామంది ఇళ్ళల్లో అది అప్పటికప్పుడు దొరకదు.

ఒక్కతే ఉండగలదా అంటే, వయసు కన్నా అలవాటు ముఖ్యం. మీ ఇంట్లో కాకుండా అమ్మమ్మ గారింట్లో కాకుండా, తనకి తెలియనివాళ్ళ మధ్య ఎప్పుడైనా అయిదు రోజులు ఉందా? స్కౌట్స్ క్యాంప్, క్రీడల క్యాంప్, ఏదైనా. లేకపోతే ముందు అది చేయించండి. తల తనే దువ్వుకుని జడ వేసుకోవడం, తన బట్టలు తను మడతపెట్టుకోవడం, ఇవి చిన్న విషయాలే గానీ అక్కడ ఎవరూ చెయ్యరు. ఫోన్లు చాలా క్యాంప్‌లు తీసి దగ్గర పెట్టుకుంటాయి, సాయంత్రం కాసేపు ఇస్తాయి. వేసవిలో వాళ్ళకీ మనకీ మూడున్నర గంటల తేడా, అక్కడ సాయంత్రం ఏడు అంటే మనకి రాత్రి పదిన్నర. అప్పటిదాకా మేలుకుని ఉండి, అమ్మ ఫోన్‌లో ఏడిస్తే పాప ఇంకా ఏడుస్తుంది. ఇది నిజంగా చెప్తున్నాను, పిల్లల కన్నా తల్లిదండ్రుల్ని ఊరుకోబెట్టడమే నాకు పెద్ద పని. వారానికి రెండు ఫోన్లు చాలు అని ముందే మాట అనుకోండి. ఇంకోటి, జూలైలో అక్కడ రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది. మన పిల్లలకి మొదటి మూడు రోజులు నిద్ర పట్టదు, ఆ నిద్రలేమికే సగం ఏడుపు.

ఇప్పుడు ఎవరూ చెప్పని చిక్కు. మన ఎండాకాలం సెలవులూ వాళ్ళ సెలవులూ కలవవు. మనకి ఏప్రిల్ చివర ఇచ్చి జూన్ 12 ప్రాంతాల్లో బడులు తెరుస్తారు. ఫ్రాన్స్‌లో బడులు మూసేదే జూలై మొదట్లో. అసలు క్యాంప్‌లన్నీ జూలై, ఆగస్టుల్లోనే. మే నెలలో ఫ్రాన్స్‌లో ఇమ్మర్షన్ క్యాంప్ అని ఎవరైనా అమ్ముతున్నారంటే అక్కడ ఫ్రెంచ్ పిల్లలు ఉండరని మీరే అర్థం చేసుకోవచ్చు, వాళ్ళంతా బడిలో ఉంటారు. కాబట్టి జూలైలో రెండు వారాలు స్కూల్ మానెయ్యక తప్పదు. మూడు వారాలు వద్దు, రెండు చాలు అనడానికి ఇదీ ఒక కారణం. వచ్చే ఏడాది జూలైకి పాప తొమ్మిదిలో ఉంటుంది, అప్పుడైతే ప్రిన్సిపాల్ గారికి ముందే లెటర్ ఇచ్చి ఒప్పించొచ్చు. పదిలోకి వచ్చాక మన దగ్గర సంగతి మీకు తెలుసు కదా, పెళ్ళికే పంపరు, ఫ్రాన్స్‌కి పంపుతారా.

వీసా. మూడు నెలల లోపు కాబట్టి ఫ్రాన్స్‌తో సహా చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చే షెంగెన్ చిన్న వీసా సరిపోతుంది. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చెయ్యొచ్చు, మామూలుగా పదిహేను రోజుల్లో తేలుస్తారు గానీ 45 రోజుల దాకా పట్టొచ్చు. జూలై ప్రయాణానికి మార్చి, ఏప్రిల్‌లోనే ఇచ్చెయ్యండి, మేలో హైదరాబాద్ సెంటర్లో అపాయింట్‌మెంట్లు దొరకడం కష్టం. 2024 జూన్ నుంచి ఫీజు పెద్దవాళ్ళకి 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండు లోపు పిల్లలకి 45. మీ పాపకి పన్నెండు నిండాయి కాబట్టి పూర్తి ఫీజే, వేలిముద్రలూ ఇవ్వాలి. వైద్య బీమా కనీసం 30,000 యూరోలకి ఉండాలి. క్యాంప్ ఇచ్చిన నమోదు పత్రం, స్కూల్ లీవ్ లెటర్, మీ బ్యాంక్ స్టేట్‌మెంట్లు, తల్లిదండ్రులిద్దరి సంతకాలతో అనుమతి పత్రం. ఒకరు దుబాయిలోనో అమెరికాలోనో ఉంటే ఆ సంతకం సంగతి అందరికన్నా ముందు చూసుకోండి.

మన వాళ్ళకి మాత్రమే వచ్చే ఇబ్బంది ఒకటుంది, ఇంటిపేరు. జనన ధ్రువపత్రంలో ఇనిషియల్‌తో ఉంటుంది, పాస్‌పోర్టులో ఇంటిపేరు మొత్తం విడగొట్టి ఉంటుంది, నాన్నగారి పాస్‌పోర్టులో ఇంకో స్పెల్లింగ్. మూడూ చూసిన కౌంటర్ మనిషి ఈ పిల్ల ఈయన కూతురేనా అని అడుగుతుంది. నా గ్రూపులో ఒకసారి ఒక్క అక్షరం తేడాకి విజయవాడ నుంచి మూడుసార్లు హైదరాబాద్ తిరిగారు. ఈ ఏడాది ఖాళీ ఉంటుంది కాబట్టి ఇప్పుడే సరిచేయించండి. పిల్లల పాస్‌పోర్టు అయిదేళ్ళే చెల్లుతుందని, షెంగెన్ నుంచి తిరిగొచ్చే తేదీ తర్వాత ఇంకో మూడు నెలలు మిగిలి ఉండాలని గుర్తుంచుకోండి.

డబ్బు లెక్క. నేను చూసినంతలో భాషా కేంద్రాల పిల్లల క్యాంప్‌లు తిండి, గది, క్లాసు, ఆటలు అన్నీ కలిపి వారానికి 900 నుంచి 1,300 యూరోల మధ్య ఉంటాయి. యూరో వంద రూపాయలని లెక్కేసుకుంటే రెండు వారాలకి రెండు, రెండున్నర లక్షలు. టికెట్ ముందుగా కొంటే ఎనభై వేల దగ్గర. వీసా, బీమా, ఎయిర్‌పోర్టు నుంచి క్యాంప్‌కి తీసుకెళ్ళే ఖర్చు కలిపి ఇంకో ముప్ఫై, నలభై వేలు. బ్యాంక్ నుంచి బయటకి డబ్బు పంపేటప్పుడు టీసీఎస్ అని ముందస్తు పన్ను పడితే భయపడకండి, రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటు అవుతుంది. క్యాంప్ వాళ్ళకి ఈమెయిల్ రాయడానికి కన్సల్టెన్సీ ఎందుకండీ, పాప చేతే ఫ్రెంచ్‌లో రాయించండి. మొదటి అభ్యాసం అదే. ఒక పిల్లాడు రాసిన ఈమెయిల్‌కి జవాబులో డైరెక్టర్ గారు వాడి తప్పులు రెండు ఎర్ర రంగులో దిద్ది మరీ పంపారు, వాడు ఇప్పటికీ చూపిస్తాడు.

గన్నవరం నుంచి ఢిల్లీ వెళ్ళి మారడం కన్నా, శంషాబాద్ దాకా కారులో వెళ్ళి అక్కడ నుంచి ఒకే చోట మారే విమానం ఎక్కించడం పిల్లలకి తేలిక. ఒంటరిగా ప్రయాణించే పిల్లల్ని చేతికి చేతికి అప్పగించే సర్వీసు చాలా ఎయిర్‌లైన్స్‌లో ఉంటుంది, పన్నెండు దాటితే సాధారణంగా అది మన ఇష్టం. నా మాట విని డబ్బు కట్టి తీసుకోండి. దించే చోట క్యాంప్ మనిషి పేరు, పాస్‌పోర్టులో ఉన్నట్టే, ముందుగా రాసివ్వాలి.

కెనడా సంగతి. ఇది చాలామంది అడుగుతారు, ఫ్రెంచ్ వస్తే పీఆర్, అంటే అక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి, త్వరగా వస్తుందని. నిజమే, ఫ్రెంచ్ వచ్చినవాళ్ళ కోసం 2023 నుంచి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో, అంటే పీఆర్‌కి మనుషుల్ని ఎంచుకునే పద్ధతిలో, విడిగా డ్రాలు తీస్తున్నారు. కానీ దానికి టెఫ్ కెనడా, టీసీఎఫ్ కెనడా పరీక్షలే చెల్లుతాయి, డెల్ఫ్ చెల్లదు, వాటి ఫలితం కూడా రెండేళ్ళే. పన్నెండేళ్ళ పాపకి ఈ లెక్క ఇప్పుడెందుకండీ. కెనడాలో ప్రభుత్వ సాయంతో నడిచే ఎక్స్‌ప్లోర్ అనే ఫ్రెంచ్ ప్రోగ్రాం గురించి ఎవరో చెప్పే ఉంటారు, అది కెనడా పౌరులకీ, పీఆర్ ఉన్నవాళ్ళకీ. మీ తమ్ముడి పిల్లలు అక్కడుంటే వాళ్ళకి చెప్పండి. అమెరికాలో చుట్టాలుంటే మినెసోటాలో కాంకోర్డియా వాళ్ళ ఫ్రెంచ్ విలేజ్ ఉంది, లాక్ ద్యు బ్వా, అక్కడి పిల్లల్లో మంచి పేరుంది, ఇక్కడి నుంచి దాని కోసమే పంపడం మాత్రం నాకు అర్థం లేని పని అనిపిస్తుంది.

మరి ఈ ఏడాది ఏం చెయ్యాలి? వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున, రాయడం లేకుండా మాట్లాడటం మాత్రమే. ఆన్‌లైన్‌లో ఫ్రెంచ్ వాళ్ళు దొరుకుతారు, మీరు పక్క గదిలో వింటూ ఉండండి. డిసెంబర్‌కో మార్చికో డెల్ఫ్ ఏ2. దసరా సెలవుల్లో కుటుంబమంతా పుదుచ్చేరి వెళ్ళిరండి, అక్కడి అలియాన్స్ ఫ్రాంసేజ్‌లో పిల్లలకి ఏమైనా ఉందేమో కనుక్కోండి, లేకపోయినా బేకరీలో తనే ఫ్రెంచ్‌లో అడిగి కొనాలి అని పందెం వెయ్యండి. ఫ్రెంచ్‌లో 70ని "అరవై పది" అనీ, 80ని "నాలుగు ఇరవైలు" అనీ, 90ని "నాలుగు ఇరవైల పది" అనీ లెక్కపెడతారు. క్లాసులో పాఠమంతా వప్పజెప్పిన పిల్ల కూడా 95 రూపాయలు చెల్లించాల్సి వచ్చేసరికి బిక్కమొహం వేస్తుంది. అక్కడ బిక్కమొహం వేసినా ఫర్వాలేదు, ఖర్చు ఒక బన్ను. ఒకరినొకరు పిలుచుకునే దగ్గర మాత్రం మన పిల్లలకి ఇంగ్లీష్ పిల్లల కన్నా సుఖం. "తు", "వు" అంటే నువ్వు, మీరు, ఎవరిని ఏమనాలో మనకి పుట్టుకతోనే తెలుసు. క్యాంప్‌లో అనిమాతర్లని "తు" అనే అనాలి, మన పిల్లలు వాళ్ళు పెద్దవాళ్ళని "వు" అంటూ మర్యాద చేస్తారు, వాళ్ళు నవ్వుతారు. అది ముందే చెప్పి పంపండి.

తిండి దగ్గరికి వద్దాం, మీరు అన్నిటికన్నా ఎక్కువ రాసింది దాని గురించే. మాంసం తినని పిల్లలకి విడిగా పెడతారు, ఫారంలో గట్టిగా రాయాలి. చేపా మాంసం కాదా అని కొన్నిచోట్ల అనుమానం, గుడ్డు తింటుందా లేదా, అన్నీ విడివిడిగా రాయండి. పొద్దున్న బ్రెడ్డు, వెన్న, జామ్, నాలుగింటికి మళ్ళీ చిరుతిండి, రాత్రి పాస్తా, బంగాళాదుంప. కారం ఉండదు. రెండు వారాలకే పాప బక్కచిక్కిపోదు. నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చళ్ళు సూట్‌కేసులో పెట్టకండి, బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం తేవడం అక్కడ నిషేధం, కస్టమ్స్‌లో తీసేస్తారు. కందిపొడి, కరివేపాకు పొడి చిన్న ప్యాకెట్లు పెట్టొచ్చు. గోంగూర పచ్చడి సీసా మాత్రం వద్దు. నేను స్వయంగా ఒక పిల్ల తెల్ల స్వెట్టర్లు మూడింటిని ఆ నూనె పోవడానికి రెండు గంటలు ఉతికాను, పోలేదు.

వెళ్ళేటప్పుడు చాక్లెట్లు కాకుండా కొండపల్లి బొమ్మలు రెండు ఇచ్చి పంపండి. ఎడ్లబండి అయితే మంచిది, దాని గురించి చెప్పడానికి చాలా మాటలుంటాయి. కిందటిసారి ఒక అబ్బాయి ఆ బొమ్మ చూపించి, "మా కొండపల్లిని 1753లో మీవాళ్ళు ఏలారు" అని ఫ్రెంచ్‌లో అన్నాడు, ఫ్రెంచ్ సేనాని బుస్సీ సంగతి నేను చెప్పిందే. అనిమాతర్ పాపం వాడు ఎవరు ఎవరిని అన్నది తిరగేశాడనుకుని, "మీరు మమ్మల్ని ఏలారా?" అంటూ మెల్లగా వాక్యం సరిచెయ్యబోయాడు. "కాదు, మీరే మమ్మల్ని" అని వీడు. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆ అనిమాతర్ ఫోన్ తీసి వెతికి, వీడి దగ్గరికొచ్చి చెయ్యి కలిపి వెళ్ళాడు.